జెండాయా రెడ్ కార్పెట్ ముచ్చట్లు: ప్రీమియర్లు, ఎమ్మీలు, ఆ గౌన్ల వెనకాల పని

పులిహోర_ప్యాకెట్

టీవీ నుంచి వచ్చిన అమ్మాయిల్లో రెడ్ కార్పెట్ మీద హాలీవుడ్ నటి జెండాయా అంత గట్టిగా గుర్తుండిపోయినవాళ్లు ఈ పదేళ్లలో ఇంకొకరు కనబడట్లేదు నాకు. 2010లో డిస్నీ చానెల్ ‘షేక్ ఇట్ అప్’తో మొదలు, తర్వాత ‘కేసీ అండర్‌కవర్’, 2019 నుంచి హెచ్‌బీవోలో ‘యుఫోరియా’. సినిమాలు ఎన్ని చేసినా రెండు ఎమ్మీలూ (అమెరికా టీవీ అవార్డులు) ఈ సీరీస్‌లోని రూ పాత్రకే వచ్చాయి. విచిత్రం ఏంటంటే, ఆ సీరీస్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడనివాళ్లకి సైతం ఆవిడ గౌన్లు తెలుసు. లండన్‌లో రోబో సూట్, స్పైడర్‌మ్యాన్ ప్రీమియర్‌లో సాలెగూడు గౌను, రోమ్‌లో టెన్నిస్ బంతి గుచ్చిన హీల్స్.

మీ దృష్టిలో ఏది బెస్ట్? ఎందుకు? ఎమోజీ పెట్టి వెళ్లిపోవద్దు, కారణం రాయాలి. నా ఓటు సాలెగూడుకి.

చార్మినార్_చాయ్

రోబో సూట్ కాకుంటే ఇంకేముంటది అన్నా? 2024 ఫిబ్రవరి 15, లండన్ లెస్టర్ స్క్వేర్, ‘డ్యూన్’ రెండో భాగం ప్రీమియర్. ఒంటి నిండ లోహం, నడుమ నడుమ లోపలిదంత కనిపించే ప్లాస్టిక్ ముక్కలు. పొద్దుగాల లేచి ఫోన్ చూస్తే అన్ని గ్రూపులల్ల అదే ఫొటో. అండ్ల ఒకటి మా అపార్ట్‌మెంట్ల నీళ్ల ట్యాంకర్ గ్రూపు. ట్యాంకర్ ఎప్పుడొస్తదో ఎవ్వడు చెప్పలే గని, గా సూట్ మీద మాత్రం అందరు తీర్పులిచ్చిన్రు.

పాత_రీలు

చాయ్ భాయ్, ఆ సూట్ ఆ సినిమా కోసం చేసింది కాదు. ఫ్రెంచ్ డిజైనర్ టియెరీ మ్యూగ్లర్ 1995లో పారిస్‌లో సిర్క్ దివేర్ అనే సర్కస్ భవనంలో పెట్టిన షోలోది. తన సంస్థకి 20 ఏళ్లు నిండిన సందర్భంగా చేసిన భారీ షో అది. అంటే ఆ సూట్ జెండాయా కంటే ఒక ఏడాది పెద్దది, ఆవిడ పుట్టింది 1996 సెప్టెంబర్ 1న.

దాన్ని బయటికి తీయించింది స్టైలిస్ట్ లా రోచ్. షికాగో మనిషి. మొదట్లో అక్కడ పాత బట్టల దుకాణం నడిపాడు, ఏ ఏడాది ఎవరు ఏం చేశారో ఆయనకి నోటికి వచ్చు. జెండాయాకి 14 ఏళ్లున్నప్పుడు, 2011లో, జస్టిన్ బీబర్ సినిమా ప్రీమియర్‌కి ఏం వేసుకోవాలని వెతుకుతుంటే పరిచయమయ్యాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆయనే. 2023 మార్చిలో ఇక స్టైలింగ్ మానేస్తున్నానని ప్రకటించి, ఈవిడ పని మాత్రం వదల్లేదు.

ఆ సూట్‌తో ఇంకో సంగతి. అందులో గాలి ఆడదు. వేసుకున్న పది నిమిషాలకే ఒళ్లు వేడెక్కి కళ్లు తిరిగినట్టు అయిందని రోచే తర్వాత చెప్పాడు. ఫొటోలయ్యాక మార్చేసుకుని నల్ల గౌనులో కనిపించింది. మనం నెలలతరబడి చూస్తున్న ఫొటోలన్నీ ఆ కాస్త సమయంలో తీసినవే.

బెంచీ_చివర

ఆ కాస్త సమయానికి ఎన్ని కోట్ల ప్రచారం వచ్చిందో లెక్క కట్టారా? అందరూ కళ అంటున్నారు, నాకు మాత్రం హోర్డింగ్ కనిపిస్తోంది. లాంకోమ్‌తో ఒప్పందం, బుల్గారీతో ఒప్పందం, లూయీ వితాన్‌తో ఒప్పందం. మెడలో నగ ఒకరిది, ఒంటి మీద బట్ట ఇంకొకరిది, పెదాల రంగు మూడోవాళ్లది. ఆ అమ్మాయి మంచి నటి, కాదనను, ‘యుఫోరియా’ చూశాను. కానీ ఈ గౌన్లకి చప్పట్లు కొట్టడమంటే షాపింగ్ మాల్ ప్రకటనకి చప్పట్లు కొట్టడమే.

సూదీదారం

బెంచీ గారూ, మీ మాట సగం ఒప్పుకుంటాను. ఒప్పందాలు ఉన్నాయి, నిజం. కానీ అవి ఎప్పుడొచ్చాయి? పేరొచ్చాక. మొదట్లో పెద్ద పెద్ద ఫ్యాషన్ కంపెనీలు డిస్నీ పిల్లకి బట్టలు ఇవ్వం పొమ్మన్నాయి. రోచ్ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పిన సంగతే ఇది. అప్పుడాయన ఏం చేశాడో తెలుసా? వేరే తారలు అప్పటికే వేసేసిన గౌన్లనే కావాలని తెచ్చి ఈ అమ్మాయికి వేశాడు. ఎందుకంటే అక్కడి పత్రికల్లో ‘ఇద్దరిలో ఎవరికి బాగుంది’ అని పక్కపక్కనే ఫొటోలు వేసే పేజీ ఒకటి ఉండేది. పెద్ద తార పక్కన ఈ పిల్ల ఫొటో ఊరికే పడిపోయేది. బుర్రంటే అదీ.

నాకు విజయవాడలో చిన్న బొటిక్, మగ్గం వర్క్ ఉంది. బట్ట అరువివ్వడం అంటే ఏంటో నాకు తెలుసు. మన సీరియల్ హీరోయిన్లకి, యాంకర్లకి చానెల్ అవార్డుల రాత్రి కోసం లెహంగాలు ఇస్తాం, వాళ్లు ఇన్‌స్టాలో ట్యాగ్ పెడతారు, డబ్బు మాట ఉండదు. ఒకావిడకి ఇచ్చిన బ్లౌజ్ మెడ చుట్టూ ఫౌండేషన్ మరకతో తిరిగొచ్చింది. ట్యాగ్ మాత్రం రాలేదు. పేరు చెప్పను, అడగొద్దు.

పులిహోర_ప్యాకెట్

సూదీదారం అక్కా, మీరు దొరికారు కాబట్టి అడుగుతున్నా. సాలెగూడు గౌనులో పనితనం ఏముంది? ఫొటోలో చూస్తే సన్న బట్ట మీద నల్ల గీతల్లా ఉంది, అంతే కదా?

సూదీదారం

అంతేనా! ఒకసారి ఆ ఫొటో పెద్దది చేసి భుజం దగ్గర చూడు. 2021 డిసెంబర్‌లో లాస్ ఏంజెలస్ ప్రీమియర్, వలెంటీనో వాళ్ల గౌను, కళ్లకి నల్ల లేసు మాస్క్. ఆ నల్ల గూడు ఒంటి మీదే అల్లినట్టు ఉంటుంది, కింద బట్ట ఉందని తెలియదు. అలా తెలియకపోవడమే అసలు పని.

మేం దాన్ని స్కిన్ నెట్ అంటాం. బజార్లో దొరికే స్కిన్ నెట్ రెండు మూడు రంగుల్లో వస్తుంది, అన్నీ తెల్లగా ఉన్నవాళ్లకి సరిపోయేవే. చామనఛాయ పిల్లకి అదే నెట్ వేస్తే మెడ దగ్గర పాలిపోయిన చర్మం అతికించినట్టు కనబడుతుంది. అందుకని డైయబుల్ నెట్ తెచ్చి, పిల్ల చెయ్యి లోపలివైపు రంగు చూపించి డైయింగ్ షాపులో అద్దించాలి. ఆరాక రంగు మారుతుంది, మళ్లీ అద్దాలి. ఇంత చేసినా ఫ్లాష్ పడితే ఇంకో రకంగా కనిపిస్తుంది. ఆ ఫొటోల్లో వందల ఫ్లాషులు పడుతున్నా భుజం ఎక్కడ అయిపోయిందో, నెట్ ఎక్కడ మొదలైందో తెలియదు. నేను మొదట చూసింది అదే, గూడు తర్వాత.

ఇక ఆ గీతలు అద్దకం కాదు, కుట్టు. ఒంటి వంపు తిరిగే చోట గూడు గీత కూడా తిరగాలి. బల్ల మీద చదునుగా కుట్టి మనిషికి తొడిగితే నడుం దగ్గర గీతలు మెలికపడతాయి.

కెమెరా_కన్ను

అక్క చెప్పిన ఫ్లాష్ సంగతికి నాది కొంచెం కలుపుతాను. హైదరాబాద్‌లో ప్రీ రిలీజ్ ఈవెంట్లకి ఫొటోలు తీస్తుంటాను. మన శిల్పకళా వేదికలో హీరోయిన్ కారు దిగేసరికి బౌన్సర్లు, ఫోన్లు పట్టుకున్న పిల్లలు, గొడుగులు, అన్నీ ఫ్రేమ్‌లో ఉంటాయి. మనిషి నిలబడేదే ఉండదు, తోసుకుంటూ లోపలికి వెళ్లిపోతుంది. అక్కడ అలా కాదు. గోడ ముందు గుర్తు ఉంటుంది, దాని మీద నిలబడాలి, ఎడమ, మధ్య, కుడి అని ఫొటోగ్రాఫర్లు వరస పిలుస్తారు, వెనక్కి తిరిగి భుజం మీదుగా ఒక చూపు ఇవ్వాలి. జెండాయా దీన్ని నేర్చుకున్న పద్ధతి చూడండి. చేతులు ఎక్కడ పెట్టాలన్న తడబాటు ఒక్క ఫొటోలో ఉండదు. రోబో సూట్‌లో చేతులు కాస్త దూరంగా, బిగుసుకుని, బొమ్మలాగా పెట్టింది. సాలెగూడు గౌనులో మెడ వంచింది. బట్ట మారితే నిలబడే తీరు మారిపోతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం వేరే. 2021 సెప్టెంబర్‌లో వెనిస్, మొదటి ‘డ్యూన్’. బల్మాన్ వాళ్ల తోలు గౌను, తడి బట్ట ఒంటికి అంటుకున్నట్టు ఉంటుంది. ఎడారి సినిమాకి తడిసిన గౌను! మెడలో పచ్చల నగ.

సూదీదారం

ఆ తోలు గౌనుకి ఆవిడ ఒంటి అచ్చు తీసుకుని, దాని మీద తోలు మలిచారు. అది ఇంకెవరికీ పట్టదు. అరువిచ్చి తిరిగి తీసుకునే రకం కాదు బెంచీ గారూ.

బెంచీ_చివర

ఇంకెవరికీ పట్టనిది అంటే ఇంకా ఖరీదైన ప్రకటన అన్నమాట.

చార్మినార్_చాయ్

ఈయనకు చాయ్ ఇచ్చినా గ్లాసు మీద కంపెనీ పేరు చూస్తడు 😂

బే_ఏరియా_బాబాయ్

కుర్రాళ్లూ, కాస్త ఇటు చూడండి. ఆ అమ్మాయి పుట్టింది ఓక్‌లాండ్‌లో, మా పక్క ఊరే. తల్లిదండ్రులిద్దరూ పంతుళ్లు. వాళ్లమ్మగారు బడి పనితో పాటు ఒరిండాలో కాలిఫోర్నియా షేక్‌స్పియర్ థియేటర్‌లో హౌస్ మేనేజర్‌గా కూడా చేశారు. కొండల మధ్య ఆరుబయట రంగస్థలం అది. మేం దుప్పట్లు కప్పుకుని కూర్చుని చూసేవాళ్లం, వేసవిలో కూడా చలి కొరికేస్తుంది. ఈ పిల్ల అక్కడ చిన్నప్పుడు టిక్కెట్లు అమ్మేది, జనాన్ని సీట్లలో కూర్చోబెట్టేది. వేషం కట్టి జనం ముందుకు రావడమన్నది ఆవిడకి డిస్నీ నేర్పింది కాదు, అంతకు ముందే చూసింది. ప్రీమియర్‌కి సినిమా పాత్రలాగా తయారై రావడం మనకి కొత్త, నాటకాల మధ్య పెరిగినదానికి ఏం కొత్త?

ఆవిడని జనం గౌరవించడం మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. 2015 ఆస్కార్ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదేం?

పాత_రీలు

బాబాయ్ గారు ఎత్తారు కాబట్టి పూర్తిగా రాస్తాను, ఎందుకంటే నా ఓటు దానికే.

2015 ఫిబ్రవరి 22. వయసు 18. వివియన్ వెస్ట్‌వుడ్ వాళ్ల తెల్లటి సిల్క్ గౌను, భుజాలు కనిపించేలా, ఏ ఆర్భాటమూ లేదు. జుట్టు మాత్రం పొడుగ్గా జడలు కట్టిన లాక్స్. మర్నాడు ‘ఫ్యాషన్ పోలీస్’ అనే టీవీ కార్యక్రమంలో జూలియానా రాన్సిక్ ఆ జుట్టుని చూసి, గంజాయి వాసన వస్తుంటుందేమో అన్నట్టు వెక్కిరించింది. ఆ పిల్ల ఏడ్చి ఊరుకోలేదు, తిట్లకీ దిగలేదు. అలాంటి జుట్టున్నవాళ్ల పేర్లు చెబుతూ ఉత్తరంలాంటి జవాబు రాసింది. వాళ్లలో సినిమా దర్శకురాలు ఏవా డువెర్నే ఉంది, రచయిత్రి టెర్రీ మెక్‌మిలన్ ఉంది, గాయని లెడిసీ ఉంది. నల్లజాతి వాళ్ల జుట్టు మీద ఉన్న చులకన గురించి అంత నిదానంగా, అంత సూటిగా 18 ఏళ్ల పిల్ల రాయడం చూసి జనం ఆగి చదివారు. రాన్సిక్ టీవీలో క్షమాపణ చెప్పింది. అదే ఏడాది మాటెల్ కంపెనీ ఆ గౌను, ఆ జుట్టుతోనే బార్బీ బొమ్మ చేసింది.

ఆ తర్వాతి ఫొటోలన్నిటికీ పునాది అక్కడుంది. రోబో సూట్ వేసినా, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నా, అది ఆవిడ ఇష్టమని అందరికీ అర్థమైపోయింది.

చార్మినార్_చాయ్

గిది నాకు ఎర్కలే. మా అక్కకు రింగుల జుట్టు, పెండ్లి చూపులప్పుడల్లా దాన్ని ఇస్త్రీ జేసినట్టు సాపు జేస్తుండె. ఈ పోస్టు లింకు దానికి పంపిన.

పులిహోర_ప్యాకెట్

పాత_రీలు గారూ, ఈ ముక్క కోసమే ఈ థ్రెడ్ పెట్టినట్టు అయింది.

సరే, ఇంకో మాట. ప్రీమియర్లలో ఇంత వేషం కడుతుంది కదా, ఎమ్మీల్లో అలా ఉండదు. గమనించారా? 2022 ఎమ్మీలో నల్ల గౌను, తలకి చిన్న బ్యాండు. పాత సినిమా తారలా ఉందంతే. రోబోలు లేవు, గూళ్లు లేవు.

కెమెరా_కన్ను

గమనించాను. ప్రీమియర్ అంటే ఆ రాత్రి సినిమాని అమ్మాలి, అక్కడ మాట్లాడేది పాత్ర. అవార్డు రాత్రి గెలిస్తే మెట్లెక్కాలి, మైకు ముందు నిలబడాలి, ఆ క్లిప్పు పదేళ్లు తిరుగుతుంది. 2022 సెప్టెంబర్ 12న గెలిచింది కూడా. డ్రామా విభాగంలో ప్రధాన నటిగా రెండుసార్లు గెలిచిన తొలి నల్లజాతి మహిళ. అలాంటి క్లిప్పులో గౌను ముందు కనబడితే మాట వెనకబడుతుంది. వలెంటీనో నల్ల గౌను అందుకే వేశారేమో అనిపిస్తుంది నాకు.

2019 ఎమ్మీ మాత్రం దీనికి మినహాయింపు. అప్పుడు నామినేషన్ లేదు, అవార్డు ఇవ్వడానికి వచ్చింది. వీరా వాంగ్ వాళ్ల ఆకుపచ్చ గౌను, ఎర్రటి జుట్టు. బ్యాట్‌మ్యాన్ కథల్లో పాయిజన్ ఐవీ అనే విలన్‌లా ఉందని ఇంటర్నెట్ అంతా అంది.

సూదీదారం

2020 ఎమ్మీ సంగతి మర్చిపోతున్నారు. కోవిడ్. స్టేజీ మీద జిమ్మీ కిమ్మెల్ ఖాళీ హాల్లో ఒక్కడే, నామినేషన్ వచ్చినవాళ్లంతా ఇళ్లల్లో వెబ్‌క్యామ్ ముందు. కొందరు నైట్ సూట్లలోనే కూర్చున్నారు. ఈవిడ క్రిస్టఫర్ జాన్ రోజర్స్ కుట్టిన ఊదా గౌను ఒకటి వేసి, అవార్డు సమయానికి అర్మానీ మార్చింది. పైన రాళ్లు పొదిగిన చిన్న టాప్, కింద చుక్కల స్కర్టు. పేరు పిలవగానే వెనకాల ఇంట్లోవాళ్లంతా అరిచిన అరుపు నాకిప్పటికీ గుర్తే. అప్పటికి ఆ అవార్డు గెలిచినవాళ్లలో అందరికంటే చిన్నది, 24 ఏళ్లు. కార్పెట్ లేదు, కెమెరాల వరస లేదు, అయినా తయారైంది. ఆ రోజుల్లో నా దుకాణానికి షట్టర్ వేసి ఉంది, కుట్టుపని చేసే కారిగర్లు ఊళ్లకి వెళ్లిపోయారు. ఎవరో ఎక్కడో గౌను వేసుకుని కూర్చున్నందుకు నాకెందుకు సంతోషమేసిందో చెప్పలేను.

బెంచీ_చివర

దీనికి నా దగ్గర వెటకారం లేదు.

కానీ ఒక సందేహం. 2024లో రెండు సినిమాలకి వెంట వెంటనే ఊళ్లు తిరిగింది. ఫిబ్రవరి అంతా రోబో, మార్చి, ఏప్రిల్ అంతా టెన్నిస్. ఇది ముందే పన్నిన వ్యూహం కాదా?

పాత_రీలు

కాదు, సమ్మె వల్ల. 2023 జులైలో హాలీవుడ్ నటుల సంఘం సమ్మె మొదలైంది, నవంబర్ దాకా సాగింది. సమ్మెలో ఉన్న నటులు ప్రీమియర్‌కి వెళ్లకూడదు, సినిమా గురించి పోస్టు కూడా పెట్టకూడదు. టెన్నిస్ కథ ‘ఛాలెంజర్స్’ ఆ ఏడాది వెనిస్ ఉత్సవాన్ని ప్రారంభించాల్సిన సినిమా, వెనక్కి తీసుకున్నారు. ‘డ్యూన్’ రెండో భాగం నవంబర్ నుంచి 2024 మార్చికి పోయింది, ‘ఛాలెంజర్స్’ ఏప్రిల్‌కి. రెండూ పక్కపక్కన పడ్డాయి. 2023 ఎమ్మీలు కూడా 2024 జనవరిలో జరిగాయి. తారలు రాకపోతే నిర్మాతలకి ప్రీమియర్ దండగ. ఆ నాలుగు నెలల్లో ఈ వేషాల విలువేంటో అందరికీ తెలిసొచ్చింది.

టెన్నిస్ బట్టల్లో ఒక మెలిక ఉంది. ‘ఛాలెంజర్స్’కి కాస్ట్యూమ్స్ చేసింది జోనథన్ ఆండర్సన్. అప్పుడు లోయెవే కంపెనీ డిజైన్ బాధ్యత కూడా ఆయనదే. రోమ్‌లో బంతి హీల్సూ, సిడ్నీలో టెన్నిస్ ఆడే మనిషి నీడ ఉన్న ఆకుపచ్చ మెరుపు గౌనూ లోయెవేవే. సినిమా లోపల బట్టలూ బయట బట్టలూ ఒకే మనిషి చేతుల్లోంచి వచ్చాయి.

పులిహోర_ప్యాకెట్

బంతి హీల్స్ నాకు కాస్త అతి అనిపించాయి. రోబో ఫొటో చూసి అబ్బురపడ్డాను, బంతి చూసి నవ్వొచ్చింది. లండన్‌లో రాకెట్లు కుట్టిన థామ్ బ్రౌన్ గౌను వచ్చేసరికి, సరే, టెన్నిస్ సినిమా అని అర్థమైంది తల్లీ, ఇక చాలు అనుకున్నా.

చార్మినార్_చాయ్

నవ్వొస్తే తప్పేంది? సినిమాకు రమ్మని పిలిచెటోడు మొఖం మాడ్చుకోని పిలుస్తడా!

గది సరే, మనోళ్ల ముచ్చట ఎత్తుతలేరేంది? 2023 జనవరి 10, గోల్డెన్ గ్లోబ్స్. ‘నాటు నాటు’కి అవార్డు అచ్చిన రాత్రే ‘యుఫోరియా’కి జెండాయాకు గూడ అచ్చింది. ఆమె ఆడికి రాలే, పని మీదుండె. అచ్చుంటే ఒక్క ఫొటోల కీరవాణి సారు, రాజమౌళి, ఈమె... అబ్బ!

కెమెరా_కన్ను

మార్చి 12 ఆస్కార్‌కి ఎన్టీఆర్ వేసిన నల్ల వెల్వెట్ బంద్‌గలా గుర్తుందా? గౌరవ్ గుప్తా చేసింది. భుజం మీద బంగారు పులి. ‘ఆర్ఆర్ఆర్’లో పులితో కలబడిన భీమ్, కార్పెట్ మీద పులిని భుజాన వేసుకుని వచ్చాడు. జెండాయా చేసేది అదే కదా! ఆ ఏడాది కార్పెట్ ఎరుపు కూడా కాదు, షాంపేన్ రంగు. లేత నేల మీద నల్ల వెల్వెట్, బంగారు కుట్టు ఎంత కొట్టొచ్చినట్టు పడ్డాయో ఫొటోలు తీసే నాకే తెలుసు.

బే_ఏరియా_బాబాయ్

ఆ రాత్రి మా ఇంట్లో పదిమందిమి చేరి చూశాం. పులి కనిపించగానే మా ఆవిడ ఈల వేసింది. ఇంతకాలం కాపురం చేస్తున్నాం, ఆవిడకి ఈల వచ్చని నాకు తెలియదు.

గోంగూర_గర్ల్

కొత్త సభ్యురాలిని, నమస్తే అందరికీ. 2025 గోల్డెన్ గ్లోబ్స్‌లో నారింజ రంగు గౌనులో వచ్చినప్పుడు వేలికి ఉంగరం కనిపించింది కదా, టామ్ హాలండ్‌తో పెళ్లి ఎప్పుడంటారు? ఎక్కడో చదివాను, వాళ్లు...

నిర్వాహకుడు

గోంగూర_గర్ల్ గారూ, స్వాగతం. మీ పోస్టులో మిగతా భాగం తీసేశాను. ఈ వేదికలో పెళ్లిళ్లు, ప్రేమలు, ఒంటి కొలతల చర్చ లేదు. గౌను గురించి ఎంతైనా రాయండి.

గోంగూర_గర్ల్

సారీ అండీ. అయితే గౌను గురించే. ముంబైకి వచ్చినప్పుడు వేసుకున్న నీలం చీర ఎవరిది? అది చీరేనా? మా చెల్లి పెళ్లి రిసెప్షన్‌కి అలాంటిది కావాలంటోంది.

సూదీదారం

అది 2023 ఏప్రిల్ 1, ముంబై బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్ ప్రారంభోత్సవాల రెండో రాత్రి. చేసింది రాహుల్ మిశ్రా. పారిస్ హాట్ కుట్యూర్ (ఒక్కో మనిషి కొలతలకి చేత్తో కుట్టే ఖరీదైన బట్టలు) వారంలో షో పెట్టిన తొలి భారతీయ డిజైనర్ ఆయనే, 2020 జనవరిలో. అంతకు ముందు 2014లో మిలాన్‌లో అంతర్జాతీయ వుల్‌మార్క్ బహుమతి కొట్టాడు.

చీరేనా అంటే, చీరలాంటిది. రాత్రి ఆకాశం నీలం, దాని మీద నక్షత్రాల్లా చేతి కుట్టు, లోపల జాకెట్టు బదులు బంగారు రంగు బస్టియర్, అంటే ఒంటికి బిగుతుగా పట్టే టాప్. పమిట మనలాగే భుజం మీంచి వెనక్కి జారింది. ఇలాంటివి సాధారణంగా ముందే కుట్టి ఉంచుతారు, కుచ్చిళ్లు పెట్టే పనుండదు. అదే వేదిక మీద మోడల్ జీజీ హదీద్ అసలు చీరలోనే వచ్చింది, తెలుపూ బంగారం, అబూ జానీ, సందీప్ ఖోస్లాలది. నిజం చెప్పాలంటే చీరగా చూస్తే నాకు జీజీది నచ్చింది. పనితనం చూస్తే మిశ్రాది.

ఆ రాత్రి ఫొటో చూపించి మా దగ్గర కారిగర్ ఒకాయన అన్నాడు, ‘మేడమ్, ఈ కుట్టు మన చేతిదే, పేరు మాత్రం ప్యారిస్‌ది’ అని. ఆయన మాటలో గర్వం ఎంత, కోపం ఎంత అన్నది నాకు తేలలేదు. ఈ పెద్ద గౌన్ల మీద చేతి కుట్టు ఎంతో మన దేశంలోనే జరుగుతుంది, బొంబాయి ఇరుకు గదుల్లో, బెంగాల్ ఊళ్లల్లో, చట్రానికి బట్ట బిగించి అటూ ఇటూ కూర్చుని. కార్పెట్ మీద ‘ఎవరిది వేసుకున్నారు’ అని మైకు పెట్టి అడిగితే కంపెనీ పేరే వినిపిస్తుంది. రాహుల్ మిశ్రా తన కారిగర్ల గురించి ప్రతిచోటా మాట్లాడతాడు, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

బెంచీ_చివర

నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదేనండీ! పని ఎవరిదో, పేరు ఎవరిదో.

సూదీదారం

మీరు చెప్పింది ప్రకటన అని. నేను చెబుతున్నది పని అని. రెండూ ఒకే గౌనులో ఉన్నాయి, మీరు ఒకటే చూస్తున్నారు.

పాత_రీలు

పాత బట్టలు వేసినప్పుడు ఈ లెక్క కొంచెం మారుతుంది. 2021 బీఈటీ అవార్డులకి వేసిన వెర్సాచీ గౌను 2003 నాటిది. ఆ డిజైన్‌ని 2003లో అదే వేదిక మీద బియాన్సే పొట్టి గౌనుగా వేసింది. ‘డ్యూన్’ ప్రచారంలో సియోల్‌లో వేసిన జివాంషీ సర్క్యూట్ బోర్డు సూట్ 1999లో డిజైనర్ మెక్వీన్ చేసింది. ఇలాంటివి కొనడానికి ఏ షోరూమ్‌లోనూ ఉండవు. కంపెనీకి పేరొస్తుంది, కాదనను, కానీ జనం వెనక్కి వెళ్లి ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అని వెతుకుతారు. నేను మ్యూగ్లర్ గురించి చదివింది ఆ రోబో ఫొటో చూశాకే. 2021లో అమెరికా ఫ్యాషన్ డిజైనర్ల సంఘం సీఎఫ్‌డీఏ వాళ్లు ఫ్యాషన్ ఐకాన్ అవార్డు ఇచ్చినప్పుడు అప్పటిదాకా అది అందుకున్నవాళ్లలో ఆవిడే చిన్నది. అది గౌన్లకి ఇచ్చారో, ఇలా జనం చేత వెతికించినందుకు ఇచ్చారో మరి.

గోంగూర_గర్ల్

సూదీదారం గారూ, మా చెల్లిది డిసెంబర్‌లో రిసెప్షన్. అలాంటిది మీరు చేయగలరా? ముందే కుట్టిన చీర, నక్షత్రాల వర్క్. బడ్జెట్ మరీ రాహుల్ మిశ్రా కాదు 🙈

సూదీదారం

చేస్తాం. కానీ పమిట నిండా చేతి వర్క్ అంటే ఇప్పుడే మొదలుపెట్టాలి, కార్తీక మాసం ముహూర్తాలు మొదలైతే కారిగర్లు దొరకరు. పమిట అంచు పావు మీటరు దట్టంగా కట్‌దానా (మెరిసే చిన్న పూసలు), పైకి పోయేకొద్దీ పలచగా చేస్తే బరువూ తగ్గుతుంది, డబ్బూ తగ్గుతుంది. బస్టియర్ బిగువుగా నిలబడేలా లోపల బోన్స్, అంటే సన్న పుల్లలు, వేస్తాం, ట్రయల్‌కి చెల్లిని రెండుసార్లు తీసుకురా. నిలబడి అద్దంలో చూసుకుని బాగుందని వెళ్లిపోతారు అందరూ. కూర్చుని చూడాలి, చేతులెత్తి దండ వేసినట్టు చూడాలి, గట్టిగా ఊపిరి పీల్చి చూడాలి. రిసెప్షన్‌లో గంటలకొద్దీ నిలబడి ఫొటోలు దిగేది తనే. ఆ లండన్ సూట్‌లాగా పది నిమిషాలకి మార్చేసుకుంటానంటే కుదరదు.

బెంచీ_చివర

మరి దీనికి ట్యాగ్ ఎవరు పెడతారు?

సూదీదారం

పెళ్లివాళ్లు బిల్లు కడతారండీ.